లెక్కలోకి రాని ఎండ

లారీల కంపెనీలో జీతం తీసుకునేవాడికి లారీ పొగంటే చిరాకు ఉండకూడదు. నాకుంది. పొద్దున కువైట్ సిటీలో, షర్క్‌లో ఉన్న ఆఫీసుకి వెళ్ళి, ఏ బండి ఎటు పోవాలి, ఏ లోడు మీద కంపెనీకి ఎంత మిగులుతుంది అని రోజంతా లెక్కలు కట్టి, సాయంత్రం ఊరికి దూరంగా ఫింటాస్‌లో ఇంటికి వచ్చేసరికి మా బాల్కనీ కింద మా కంపెనీ బళ్ళే వరసగా నిలబడి పొగ కక్కుతుంటే, వాటిని తిట్టుకుంటూ తలుపులు బిగించే మనిషిని నేను. మా ఆవిడ నవ్వేది. "మనకి అన్నం పెట్టే బళ్ళ వాసన మీకే పడకపోతే ఎలాగండీ" అనేది.

ఆ బళ్ళు మా ఇంటి కిందికి ఎందుకొచ్చేవంటే, మా వీధి చివర సముద్రం ఒడ్డున ఒక పెద్ద ప్రాజెక్టు కడుతున్నారు. అపార్టుమెంట్లు, షాపులు, సాయంత్రాలు నడవడానికి తోటలు. దానికి కావలసిన టైల్సు, గాజు పలకలు, ఇనుము షువైఖ్ రేవు నుంచి మోసుకొచ్చే కాంట్రాక్టు మా కంపెనీది. సరుకు దిగే గేటు సరిగ్గా మా బిల్డింగుకి ఎదురుగా పడింది. మేం అద్దెకి దిగినప్పుడు అక్కడ ఖాళీ ఇసుక తప్ప ఏమీ లేదు, లేకపోతే ఆ ఫ్లాటు తీసుకునేవాడినే కాదు. ఇక్కడ రద్దీ వేళల్లో పెద్ద రోడ్ల మీదకి లారీల్ని రానివ్వరు. అందుకని డ్రైవర్లు ముందే వచ్చేసి, గేటు తీసేదాకా ఇంజను ఆపకుండా ఏసీ వేసుకుని క్యాబిన్‌లోనే కునుకు తీసేవాళ్ళు. వాళ్ళనీ అనడానికి లేదు. వేసవిలో ఇంజను ఆపారంటే ఆ క్యాబిన్‌లో మనిషి ఉడికిపోతాడు.

నా చిరాకుకి అసలు కారణం మా పాప. ఇంతకుముందు సిటీ పక్కన హవల్లీలో ఉన్నప్పుడు దానికి ఆయాసం మొదలైంది. సముద్రం గాలికి కాస్త నెమ్మదిస్తుందని డాక్టరు చెబితే, చవగ్గా దొరికిన ఫ్లాటు వదులుకుని, ఆఫీసుకి అంత దూరమైనా సరే అనుకుని ఫింటాస్ వచ్చాం. వచ్చాక దానికి సముద్రం గాలి కన్నా డీజిలు గాలే ఎక్కువ తగిలింది. బడి నుంచి రాగానే బాల్కనీలోకి పరిగెత్తేది. కాసేపటికి ఛాతీ పట్టుకుని లోపలికొచ్చేది. మా ఆవిడ ఇన్‌హేలర్ వెతుకుతూ నా వైపు చూసే చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ చూపులో కోపం లేదు గానీ, ఆ పొగ నాదే అన్నట్టు ఉండేది.

ఆ వరసలో ఒక బండి మాత్రం వేరు. దాని డ్రైవరు జగిత్యాల వైపు మనిషి. అరవైకి దగ్గర పడ్డాడు, మీసం తెల్లబడింది, తలకి ఎప్పుడూ ఎర్రగళ్ళ గుత్రా చుట్టుకుని ఉండేవాడు. పాప బాల్కనీలో కనిపిస్తే చాలు, ఇంజను ఆపేసి కిందికి దిగి ఎండలో నిలబడేవాడు. పాప చెయ్యి ఊపితే తనూ ఊపేవాడు. ఆ చెయ్యి ఊపడం చూసే నేను మొదటిసారి కిందికి దిగి పలకరించాను. "మీరు మన ఆఫీసులో లెక్కల సారే గదా, తెలుగాయన! ఇన్నేండ్లల్ల ఎప్పుడు మాట్లాడలే" అన్నాడు. నేను సిగ్గుపడ్డాను. ఆ మనిషి నడిపిన కిలోమీటర్లు నాకు తెలుసు, ఆ బండి తాగిన డీజిలు తెలుసు, మనిషి మొహం తెలీదు.

నేను బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాను. "బాబాయ్ అంటే మా దిక్కు చిన్నాయన సార్. గట్ల పిలిస్తె మీ నాయిన ఆస్తిల పాలు అడుగుత మల్ల" అని నవ్వేవాడు. ఊరికి సెలవు మీద వెళ్ళి వచ్చినప్పుడు తన చేలో పండిన పసుపు దంచించి, ఒక డబ్బా నిండా తెచ్చి మా ఆవిడకిచ్చాడు. "పాలల్ల ఏసి తాపుండ్రి అమ్మా, బిడ్డకు దగ్గు ఉండది." ఆ పాలు చూస్తే పాప ముక్కు చిట్లించేది. తాత తెచ్చాడని చెబితే మాత్రం గుటుక్కున తాగేసేది. ఆయన చిన్న కూతురు కరీంనగర్‌లో నర్సు చదువుతోంది. ఆ చదువు అయ్యేదాకా బండి నడిపి, తర్వాత పోయి పసుపు చేను చూసుకుంటానని చెబుతుండేవాడు. ఆయన కోరికల్లా అంతే, ఆ చదువు అయ్యేదాకా ఆ సీటు తనకి ఉండాలి.

అప్పుడే ప్రాజెక్టు వాళ్ళ దగ్గర్నుంచి కొత్త రూలు వచ్చింది. వాళ్ళ హద్దులోకి, ఆ గేటు ముందున్న రోడ్డు మీదకి, ఇకనుంచి తక్కువ పొగ వదిలే బళ్ళే రావాలి. కొత్త రకం ఇంజను ఉన్న బండికి అద్దం మీద అంటించుకోవడానికి ఆకుపచ్చ స్టిక్కరు ఇస్తారు. పాత బండి రావాలంటే వాళ్ళు ఒప్పుకున్న ఫిల్టర్ సైలెన్సర్‌కి పెట్టించాలి. ఆ ఫిల్టర్ ఖరీదు చూసి మా ముదీర్, అంటే మా మేనేజరు, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. ఈజిప్టు మనిషి. చెడ్డవాడని నేను అనలేను. డ్రైవర్ల జీతాలు ఒక్క నెల కూడా ఆపించలేదు.

ఆఫీసులో నేను కూడా నిట్టూర్చాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పేటప్పుడు మాత్రం నా గొంతులో సంతోషం దాగలేదు. "ఇక మన కింద ఆ పొగ ఉండదే" అన్నాను. "మరి ఆ తాత?" అంది పాప. అందరికన్నా ముందు ఆ ప్రశ్న అడిగింది అదే.

ఆ రూలు బాబాయ్‌కి నేనే చెప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను. బండి ఏ ఏటిదో, ఇంజను ఏ రకమో చూస్తారు, మీది పాతది, స్టిక్కరు ఇవ్వరు అన్నాను. ఆయన తల ఊపాడు గానీ ఆ మాట ఆయనకి ఎక్కలేదు. పొగ కోసం పెట్టిన రూలు పొగని చూడకుండా బండి పుట్టిన ఏడు చూస్తుందంటే ఎవరికి మాత్రం ఎక్కుతుంది? ఒక శుక్రవారం పొద్దున నేను బాల్కనీలో టీ తాగుతుంటే ఆ బండి వచ్చి గేటు ముందు ఆగింది. ఆ రోజు లోడు లేదు, సెలవు రోజు. సైలెన్సర్ గొట్టానికి ఏదో తెల్లటి గుడ్డ కట్టి ఉంది.

గేటు దగ్గరున్న నేపాలీ సెక్యూరిటీ చేతులు అడ్డంగా ఊపుతున్నాడు. "స్టిక్కర్ నహీ హై చాచా, కైసే ఛోడూఁ?" బాబాయ్ వచ్చీరాని హిందీలో గుడ్డ చూపించి వాదిస్తున్నాడు. నేను టీ వదిలేసి కిందికి పరిగెత్తాను.

"సూడుండ్రి సార్" అన్నాడు నన్ను చూడగానే, మొహం వెలిగిపోతూ. "షువైఖ్ గ్యారేజీల మా దోస్తు ఉన్నడు. ఇంజన్ ఇప్పి అంత కడిగిచ్చిన, నాజిళ్ళు మార్పిచ్చిన, నా పైసలతోనే. ఆడి నుంచి ఈడిదాంక గుడ్డ కట్టుకొనొచ్చిన. మునుపైతే బొగ్గు లెక్కనయ్యేది. ఇప్పుడు సూడుండ్రి!"

ఊళ్ళో ట్రాక్టరుకైనా లారీకైనా ఇంజను బాగు చేశాక వాళ్ళు చేసే పరీక్ష అదట. గొట్టానికి తెల్లగుడ్డ కట్టి ఊరి చుట్టూ ఒక రౌండు కొట్టి వచ్చి నలుగురికీ చూపిస్తారు. ఆ పరీక్షే ఇక్కడ కువైట్‌లో, ఎవరూ అడక్కుండా, ఆయన ఇంత దూరం చేసుకుంటూ వచ్చాడు. నేను గుడ్డ విప్పి చూశాను. నల్లగా లేదు, నిజమే. తెల్లగానూ లేదు. బూడిద రంగులో ఉంది. ఆ బూడిద రంగు మా పాప ఛాతీలోకి వెళ్ళేదే కదా అని నాకనిపించింది. అదే గుడ్డని ఆయన పతకంలా చూస్తున్నాడు.

"బాబాయ్, వాళ్ళు గుడ్డ చూడరు, స్టిక్కరు చూస్తారు" అన్నాను.

"పొగ కోసమే గద సార్ రూలు? పొగ తగ్గినంక ఇంకేంది?"

నేను గుడ్డ ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని మడతపెట్టి అడిగాడు. "మరి ఆ ఫిల్టర్ జాలి ఏదో పెడితె రానిస్తరంట గదా, అది పెట్టిస్తరా మన బండ్లకు?"

"ఇంకా తేలలేదు. ఆ లెక్క నాకే ఇచ్చారు, చూస్తున్నాను."

"మీరు సూస్తున్నరా! ఇగ ఫికర్ లేదు" అని బండెక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. బాల్కనీ నుంచి పాప చెయ్యి ఊపింది. ఆయన కిటికీలోంచి ఊపాడు.

ఇప్పుడు ఆ లెక్క సంగతి. ముదీర్ నన్ను రెండు దారులు పోల్చి చూపించమన్నాడు. ఒకటి, పాత బళ్ళకి ఫిల్టర్లు పెట్టించడం. రెండోది నేనే మాటవరసకి అన్న ఆలోచన. హైవేకి అవతల ఇసుకలో ఒక ఖాళీ స్థలం అద్దెకి తీసుకుని, పాత బళ్ళు రేవు నుంచి అక్కడిదాకా తెస్తే, అక్కడ సరుకు దింపి, స్టిక్కరున్న కొద్ది బళ్ళ మీదకి ఎక్కించి లోపలికి పంపడం. పాత బండి సగం దారే వస్తుంది కాబట్టి డ్రైవరుకి సగం ట్రిప్పు డబ్బే. ఆ మాట కూడా నా నోటినుంచే వచ్చింది. "అర ట్రిప్పు" అన్నాను. ముదీర్‌కి ఆ మాట నచ్చింది.

రెండు వైపులా అన్నీ వేశాను. ఫిల్టర్ల ఖరీదు, వాటిని కడిగించే ఖర్చు, యార్డు అద్దె, ఫోర్క్‌లిఫ్టు, దింపి ఎక్కించే కూలీ, మధ్యలో పగిలే టైల్సు. ఒక్కటి మిగిలింది. ఆ యార్డులో పాత బండి తన వంతు వచ్చేదాకా ఎంతసేపు కాచుకుని ఉండాలి అన్నది. ఆగి ఉన్న బండి ఇంకో ట్రిప్పు వెయ్యలేదు, అది కంపెనీకీ నష్టమే. ఆగి ఉన్న మనిషి సంగతి సరేసరి. అది లెక్కలోకి తీసుకుంటే యార్డు కన్నా ఫిల్టరే చవక అయ్యేలా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. కానీ కాచుకున్న గంటకి ఎవరూ బిల్లు ఇవ్వరు. బిల్లు లేని ఖర్చు పెడితే ముదీర్ ఎక్కడిదని అడుగుతాడు. అలా నాకు నేను చెప్పుకుని, అక్కడ సున్నా పెట్టాను.

నాకు నేను చెప్పుకున్న కారణం అది. నిజం ఇంకోటి కూడా ఉంది. ఫిల్టరు పెట్టిన పాత బండి అంటే నాకు నమ్మకం లేదు. ఆ బూడిద రంగు గుడ్డ నా కళ్ళ ముందే ఉంది. ఫిల్టర్లు వస్తే ఆ బళ్ళన్నీ మళ్ళీ మా బాల్కనీ కిందికొస్తాయి. యార్డు అయితే హైవే అవతలే ఆగిపోతాయి. ఆ సున్నా పెట్టింది లెక్కల గుమాస్తానా, పాప తండ్రా అని అప్పుడు నన్ను నేను అడగలేదు. ఇప్పుడు రోజూ అడుగుతున్నాను, సమాధానం చెప్పుకోవడానికి ధైర్యం చాలదు.

ముదీర్ ఒక్కసారి చూసి "యార్డు. ఖలాస్" అన్నాడు.

మా వీధి మారిపోయింది. కొత్త బళ్ళు చప్పుడు లేకుండా వచ్చి గేటులోకి వెళ్ళిపోయేవి. గేటు ముందు ఆగి ఉండడం మానేశాయి. చలికాలం రాకముందే మేం కిటికీలు తెరిచి పడుకోవడం మొదలుపెట్టాం. పాప బాల్కనీలో చిన్న కుర్చీ వేసుకుని హోంవర్కు చేసుకునేది. పక్క ఫ్లాటులో ఉండే కేరళ ఆవిడ ప్రాజెక్టు వాళ్ళని తెగ మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. అందులో అబద్ధం లేదు. ఆ రూలు మంచిదే. ఇప్పటికీ మంచిదే అంటాను. దానికి డబ్బు ఎవరి దగ్గర్నుంచి తీసుకున్నాం అన్నదే నన్ను నిద్రపోనివ్వదు.

యార్డు చూడ్డానికి నేను ఆ తర్వాతి వేసవి నడుమ వెళ్ళాను, అది కూడా పగిలిన టైల్సు లెక్కపెట్టడానికి. మధ్యాహ్నం. కారు దిగితే మొహం మీద పెనం పెట్టినట్టుంది. ఫోర్క్‌లిఫ్టులు ఆగి ఉన్నాయి. వేసవి నెలల్లో మిట్టమధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని ఇక్కడ సర్కారు రూలు. అందుకని సరుకు దింపే కూలీలంతా షెడ్డులో కూలర్ ముందు పడుకున్నారు. వాళ్ళు లేచేదాకా బళ్ళు కదలవు. నా పేపరు మీద సున్నాగా ఉన్న సమయం అదే.

డ్రైవర్లు బళ్ళలో కూడా లేరు. డీజిలు ఊరికే మండిపోతోందని ఆగి ఉన్నప్పుడు ఇంజను ఆపాలని ఆఫీసు ఆర్డరు వేసింది. అందుకని ట్రెయిలర్ల కింద నీడలో అట్టలు పరుచుకుని కూర్చున్నారు. బాబాయ్ గుత్రా తడిపి తల మీద వేసుకుని, చక్రానికి వీపు ఆనించి ఉన్నాడు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. ఆయన పక్కనే ఇసుకలో కూర్చున్నాను.

"షెడ్డులోకి వెళ్ళొచ్చుగా బాబాయ్?"

"అది కూలీలకు సార్. ఎండల పనిచేసేటోళ్ళకు రూలున్నది, మాకు లేదు. మేం పని చేస్తలేం గదా, కూసున్నం అంతే."

ఆయన ఎకసెక్కంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు.  ఈ కూర్చోవడం పని కాదని రాసింది నేనే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఆయన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టి, "బిడ్డ ఎట్లున్నది? దమ్ము ఒస్తున్నదా ఇంక?" అని అడిగాడు.

"బాగుంది బాబాయ్. చాలా తగ్గింది."

"మంచిగైంది. ఆ పొగ పోయింది గదా, తగ్గుతది" అన్నాడు. వేడెక్కిన ఆ నీళ్ళు తాగి నేను ఆఫీసుకొచ్చేశాను. ముదీర్‌తో షెడ్డు సంగతి మాట్లాడాను. ఇంకో కూలర్ పెట్టించాడు, డ్రైవర్లనీ లోపలికి రానిమ్మన్నాడు. అంత చిన్న మేలు చేసి నేను ఆ వారమంతా కాస్త తేలిగ్గా తిరిగాను. నా మీద నాకు ఒళ్ళుమండేది ఇప్పుడు ఆ తేలికదనం తలుచుకుంటేనే.

కూలర్ వచ్చినా ట్రిప్పులు రాలేదు. పొద్దున్నే రేవులో లోడెక్కించుకుని వచ్చినవాడు సాయంత్రం దాకా యార్డులోనే. రోజుకి ఒక ట్రిప్పు, అదీ సగం. ఆయన ఎవరి మీదా అరవలేదు, ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. వేసవి పోయాక ఒకరోజు ఆఫీసుకొచ్చి, ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, ఇక పొడిగించొద్దని, పోతానని ముదీర్‌కి చెప్పాడు. హిందీ, అరబ్బీ కలిపి ఆయన చెబుతుంటే, మిగతాది నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన వెళ్ళిపోతానన్న మాటని నా నోటితోనే అందించాను. ముదీర్ లేచి ఆయన భుజం తట్టాడు. ఎవరూ ఆయన్ని తీసెయ్యలేదు. కాగితాల మీద అంతా సవ్యంగా జరిగింది.

"మరి అమ్మాయి చదువు?" అన్నాను మెట్లు దిగుతూ.

"ఇంకో ఏడాదిన్నది సార్. ఆడ సేటు దగ్గర ట్రాక్టర్ నడుపుత. ఈ అర ట్రిప్పుకు అదే నయం. నా తిండి ఖర్చన్న మిగుల్తది."

వెళ్ళే ముందు శుక్రవారం భోజనానికి రమ్మంది మా ఆవిడ. బస్సు దిగి నడిచొచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. పప్పు, గోంగూర, చేపల పులుసు. తమ వైపు కన్నా మా వైపు గోంగూరలో పులుపు ఎక్కువని నవ్వించాడు. భోజనమయ్యాక బాల్కనీలో పాప పక్కన నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ కింద నుంచి చూసిన బాల్కనీ. గేటు వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు.

"ఈడ గాలి మస్తున్నది సార్" అన్నాడు.

తర్వాత నా వైపు తిరిగి నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరు ఆ యార్డు లెక్క చెయ్యకుంటె పాతబండ్లోళ్ళను అందర్ని ఒక్కదెబ్బల ఎల్లగొట్టేటోళ్ళంట. పోరగాండ్లు చెప్పిండ్రు. మీరు ఉన్నందుకు ఈ నాల్గు దినాలన్న ఉన్నం. మనోడు ఆఫీసుల ఉంటే గట్ల ఉంటది."

అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. మా ఆవిడ కాఫీ తెచ్చింది, పాప ఆయన వేలు పట్టుకుని తన బొమ్మలు చూపించడానికి లోపలికి లాక్కుపోయింది. నేను బాల్కనీలో ఒక్కడినే నిలబడి ఆ మంచి గాలి పీల్చుకుంటూ ఉండిపోయాను. ఆయన తిట్టి ఉంటే తట్టుకునేవాడిని. దండం పెట్టి వెళ్ళాడు.

ఆయన వెళ్ళిన కొన్నాళ్ళకే కథ అడ్డం తిరిగింది. యార్డులో బళ్ళు ఇరుక్కుపోయి సరుకు ఆలస్యంగా చేరుతుంటే ప్రాజెక్టు వాళ్ళు మా బిల్లుల్లో జరిమానా కోయడం మొదలుపెట్టారు. కాచుకున్న గంటలకి చివరికి బిల్లు వచ్చింది, డ్రైవర్లకి కాదు, కంపెనీకి. ముదీర్ మళ్ళీ పిలిచాడు. ఈసారి ఆ గంటలు కూడా వేసి లెక్క ఇవ్వమన్నాడు. ఇచ్చాను. ఫిల్టరే చవక. "ముందు ఇది ఎందుకు కనబడలేదు?" అన్నాడు. "వెయ్యలేదు" అన్నాను. ఎందుకు వెయ్యలేదో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఫిల్టర్లు అన్ని బళ్ళకీ కాదు, ఇంజను బాగున్న వాటికే పెడతామంది గ్యారేజీ. యార్డు పెట్టుకున్నాక మిగతా పాతబళ్ళ ఇంజన్లని ఎవరూ పట్టించుకోలేదు. బాబాయ్ సొంత డబ్బులతో కడిగించి నాజిళ్ళు మార్పించిన ఇంజను ఒక్కటే బాగుంది. అన్నిటికన్నా ముందు దానికే పెట్టారు. ఇప్పుడు ఆ బండి అద్దం మీద ఆకుపచ్చ స్టిక్కరుంది. పంజాబు నుంచి కొత్తగా వచ్చిన డ్రైవరు నడుపుతున్నాడు. పూర్తి ట్రిప్పు, పూర్తి డబ్బు. రోజూ మా ఇంటి ముందు నుంచే గేటులోకి వెళుతుంది. మొదటిరోజు పాప బాల్కనీలోంచి చూసి చెయ్యి ఊపి, డ్రైవరు మొహం చూసి దించేసుకుంది.

నేను భయపడినదేదీ జరగలేదు. నేనే ఒకసారి దాని వెనక నిలబడి చూశాను, వేడిగాలి తప్ప ఏమీ రావడం లేదు. పోయిన నెల డాక్టరు పాప ఊపిరి పరీక్షించి, మందు తగ్గిద్దాం అన్నాడు. ఆ మాట వినగానే మా ఆవిడ వాళ్ళమ్మకి ఫోను చేసింది. నాకు మాత్రం జగిత్యాల ఫోను చెయ్యాలనిపించింది.

ఆయన ట్రాక్టరు ఆపి మాట్లాడాడు. పాప సంగతి చెప్పగానే, "అబ్బ, ఎంత మంచిమాట చెప్పిండ్రు సార్!" అని పక్కన ఎవరికో అరిచి చెప్పాడు. కూతురు చదువు ఇంకా నడుస్తోందట, ఫీజుకి పసుపు చేనులో కొంత కౌలుకిచ్చాడట. అది కూడా నవ్వుతూనే చెప్పాడు. తర్వాత బండి సంగతి అడిగాడు.

"నా బండి ఎట్లున్నది సార్? తుక్కుకు పోయిందా?"

"లేదు బాబాయ్. బాగుంది. దానికి ఫిల్టర్ పెట్టారు." ఇక ఆపుకోలేకపోయాను. "అది మీరున్నప్పుడే పెట్టించాల్సింది. లెక్క నాది. మీరు ఎండలో కూర్చున్న గంటలు నేను లెక్కలో వెయ్యలేదు. వేసుంటే అప్పుడే పెట్టేవాళ్ళు. మీరు ఇక్కడే ఉండేవాళ్ళు."

పక్కనున్నవాళ్ళకి దూరంగా నడిచినట్టున్నాడు, చెప్పుల చప్పుడు వినబడింది.  తర్వాత మెల్లగా అడిగాడు.

"ఏడ తిరుగుతున్నది ఇప్పుడు?"

"మా ఇంటి ముందే. ఆ గేటులోకే."



"బిడ్డ ఉన్నకాడ పొగ ఇడుస్తలేదు గద సార్?"

"లేదు బాబాయ్" అన్నాను.